చదరపు అడుగు లెక్కలో లేని ఉప్పు

నెల్లూరులో ఇంటిస్థలం ధర అంకణాల్లో చెబుతారు. అంకణం అంటే 72 చదరపు అడుగులు. ఆ స్థలంలో ఇల్లు లేపే ధర మాత్రం చదరపు అడుగుల్లో మాట్లాడుకుంటారు. కాంట్రాక్టరు అడుగుకు ఇంత అంటాడు, ఇల్లు కట్టుకునేవారు అంత ఇచ్చుకోలేమంటారు, మధ్యలో ఎక్కడో బేరం తెగుతుంది. సిమెంటు ఏ కంపెనీది, కమ్మీలు ఏ కంపెనీవి, నేలకు గ్రానైటా టైల్సా, తలుపులు టేకువా వేపవా అన్నవన్నీ ఆ బేరంలోకి వస్తాయి. బస్తా సిమెంటుకు ఎన్ని లీటర్ల నీళ్లు పోస్తారు, ఆ నీళ్లు ఏ బోరువి, స్లాబు అడుగున కమ్మీకీ బయటి గాలికీ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల కాంక్రీటు ఉంటుంది అన్నవి రావు. కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఇవి అడగకపోయినా ఇల్లు చాలాకాలం నెట్టుకొస్తుంది. రామాయపట్నం నుంచి పులికాట్ దాకా సాగే తీరంలో నెట్టుకురాదు. ఇక్కడ ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుందో, అంటే దాని అసలు ఖరీదు ఎంతో, తేల్చేది ఉప్పు. ఆ ఉప్పుకు విరుగుడు ఖరీదైన సామగ్రిలో తక్కువ, కాంక్రీటు పనిలో ఎక్కువ. లెక్క వేసి చూస్తే దానికయ్యే అదనపు ఖర్చు మొత్తంలో నూటికి నాలుగు రూపాయల దగ్గర ఆగుతుంది.

ముందు ఉప్పు చేసే పనేమిటో చూడాలి. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే సున్నం వల్ల కాంక్రీటు లోపల క్షారగుణం బాగా ఎక్కువగా ఉంటుంది, పీహెచ్ 12 దాటుతుంది. ఆ క్షారంలో కమ్మీ మీద కంటికి కనిపించని సన్నని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటు రంధ్రాల గుండా మెల్లగా లోపలికి దిగి ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పుగా మారిన ఇనుము తాను మునుపు ఉన్నదానికి రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది. లోపల చోటు లేదు కాబట్టి కాంక్రీటు పగులుతుంది. మొదట సన్‌షేడ్ అడుగున కమ్మీ వెంబడి ఒక గీత, ఆ గీత గుండా మరింత తేమ, మరింత ఉప్పు, చివరకు పెచ్చులు. ఇందులో ఇల్లు కట్టేవారి చేతిలో ఉన్న విషయం ఒకటుంది. క్లోరైడు లోపలికి దిగే కాలం లోతుతో సమానంగా కాక, సుమారుగా లోతు వర్గంతో పెరుగుతుంది. ఒక రకం కాంక్రీటులో 20 మిల్లీమీటర్లు దాటడానికి పదేళ్లు పడితే, అదే కాంక్రీటులో 40 మిల్లీమీటర్లు దాటడానికి నలభై ఏళ్ల దాకా పడుతుంది. రెండు సెంటీమీటర్ల తేడా ఒక తరం ఆయుష్షు ఇస్తుందన్నమాట.

ఉప్పు సముద్రపు గాలితోనే వస్తుందనుకుంటే, ఒడ్డుకు నాలుగైదు కిలోమీటర్ల లోపలున్న ఊరికి భయం ఉండకూడదు. గాలిలో ఎగిరే ఉప్పునీటి తుంపర చాలావరకు ఒడ్డు దగ్గరే రాలిపోతుంది. కానీ నెల్లూరు తీరంలో ఉప్పు నేలలోంచి కూడా వస్తుంది. ఉప్పుటేర్లు, బకింగ్‌హామ్ కాలువ, పులికాట్ సరస్సు సముద్రపు నీటిని లోపలికి తెస్తాయి. ఇందుకూరుపేట, విడవలూరు, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు ఉప్పునీటిని వరిపొలాల అంచుల దాకా చేర్చాయి. అందుకే ఇక్కడ ఉప్పు మూడు దారుల్లో ఇంట్లోకి దూరుతుంది. గాలితో బయటి నుంచి, పునాదిలో చెమ్మగా కింద నుంచి, ఇల్లు కట్టే నీళ్లలో ఇసుకలో కలిసి మొదటి రోజునే లోపలి నుంచి. మూడోది అన్నిటికంటే ప్రమాదం. మొదటి రెండింటిని ఆపాల్సిన కాంక్రీటే తన ఉప్పు తాను మోసుకొస్తే ఇక కమ్మీ మీది కాంక్రీటు పొర, అంటే కవరు, ఎంత మందం ఉన్నా లాభం లేదు. 1990ల్లో తైవాన్‌లో సరిగా కడగని సముద్రపు ఇసుకతో కట్టిన భవనాలు ఇలాగే లోపలి నుంచి కుళ్లి, పెద్ద గొడవై, అక్కడి ప్రభుత్వం క్లోరైడు పరిమితులు పెట్టాల్సి వచ్చింది.

మన దేశంలో అలాంటి పరిమితులు ఎప్పటినుంచో ఉన్నాయి. కాంక్రీటు పనికి దేశమంతటికీ ప్రమాణమైన ఐఎస్ 456 (2000) ప్రకారం కమ్మీలు వేసే కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. తీరంలో ఉప్పుగాలి నేరుగా తగలని కాంక్రీటును ఆ ప్రమాణం మధ్యస్థ తరగతిలో పెట్టి ఎం25 గ్రేడు కాంక్రీటు, 30 మిల్లీమీటర్ల కవరు అడుగుతుంది. తీరపు గాలికి తెరుచుకుని ఉండే కాంక్రీటును తీవ్ర తరగతిలో పెట్టి ఎం30, 45 మిల్లీమీటర్ల కవరు, సిమెంటు బరువులో 0.45 వంతుకు మించని నీళ్లు అడుగుతుంది. అలల తుంపర తగిలేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. పల్లెల్లో మేస్త్రీలు కలిపేది ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ల మిశ్రమం. అది పుస్తకంలో ఎం20 కిందికి వస్తుంది, 20 మిల్లీమీటర్ల కవరుతో తీరానికి దూరమైన ప్రాంతాల వాతావరణానికి సరిపోతుంది. కవరు బ్లాకులకు బదులు కంకర పలుకు పెట్టి కమ్మీని లేపితే, స్లాబు పోసేటప్పుడు పదిమంది తొక్కాక ఆ 20 కూడా మిగలదు. అంటే తీరంలో కడుతున్న చాలా ఇళ్లకు ఆ దూరప్రాంతాల ప్రమాణం కూడా పూర్తిగా అందడం లేదు.

ఇక డబ్బు. తీరంలో ఒక అంతస్తు, వెయ్యి చదరపు అడుగులు, అడుగుకు రెండు వేలు అనుకుందాం, మొత్తం 20 లక్షలు. అలాంటి ఇంట్లో పునాది నుంచి స్లాబు దాకా కమ్మీ వేసిన కాంక్రీటు సుమారు 35 ఘనపు మీటర్లు ఉంటుంది. మేస్త్రీ పాళ్లతో ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాలు పడతాయి, మొత్తం 280 బస్తాలు. తీవ్ర తరగతికి ప్రమాణం అడిగే కనీస సిమెంటు ఘనపు మీటరుకు 320 కిలోలు, మేస్త్రీ వేసే ఎనిమిది బస్తాలు 400 కిలోలు. కాబట్టి లోటు సిమెంటులో లేదు, ఎక్కువ నీళ్లలో ఉంది. బస్తాకు 30 లీటర్లు, ఒక్కోసారి అంతకు మించి పోసే చోట 22న్నర లీటర్లతో సరిపెట్టాలి. అంత తక్కువ నీళ్లతో కలిపిన మాలు బిగువుగా ఉండి కమ్మీల మధ్యకు దిగదు కాబట్టి ప్లాస్టిసైజర్ కలపాలి, వైబ్రేటర్ పెట్టాలి. ప్లాస్టిసైజర్‌కు పదివేల దగ్గర అవుతుంది. కవరు పెంచడానికి స్లాబు, దూలాలు, స్తంభాలు కొంచెం లావెక్కితే నాలుగు ఘనపు మీటర్లు అదనం, ఘనపు మీటరు ఏడు వేలనుకుంటే 28 వేలు. ఆ బరువుకు తగ్గ కమ్మీలకు మరో పది పదిహేను వేలు. 280 బస్తాలకు 22న్నర లీటర్ల చొప్పున కాంక్రీటు కలపడానికి కావలసిన మంచినీళ్లు 6,300 లీటర్లే, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండుంటే చాలు. తడపడానికి మరికొన్ని ట్యాంకర్లు, కవరు బ్లాకులు, నీటి పరీక్ష, కాంక్రీటు ఘనాల బలం పరీక్ష అన్నీ కలిపి ఇంకో పాతిక వేలు. మొత్తం 80 వేల లోపు, 20 లక్షల్లో నూటికి నాలుగు. ధరలు అటూ ఇటూ మారినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. గ్రానైటుకూ, ముందువైపు ఎలివేషన్‌కూ, హాల్లో ఫాల్స్ సీలింగ్‌కూ ఇంతకంటే ఎక్కువ పెట్టని ఇల్లు ఇప్పుడు అరుదు.

ఇంత చాకిరీ ఎందుకు, తుప్పు పట్టని కమ్మీలు అమ్ముతున్నారు కదా అనేవారున్నారు. తుప్పును తట్టుకునేలా చేసిన సీఆర్ఎస్ కమ్మీలు తుప్పును ఆలస్యం చేస్తాయి గాని రద్దు చేయవు. క్లోరైడు చేరాక అవీ లొంగుతాయి. ఎపాక్సీ పూత పూసిన కమ్మీలను లారీ నుంచి దించేటప్పుడూ వంచేటప్పుడూ పూత గీసుకుపోతే, ఉప్పు అంతా ఆ గీత దగ్గర పనిచేస్తుంది. స్టెయిన్‌లెస్ కమ్మీలు నిజంగా నిలుస్తాయి, వాటి ధర సొంతింటికి అందదు. మంచి కమ్మీ కొనవద్దని కాదు. కవరు, నీళ్లు సరిచేశాక మిగిలిన డబ్బుతో కొంటే అది అదనపు భద్రత, వాటికి బదులుగా కొంటే దండగ. సిమెంటు సంగతి వేరు. ఇక్కడ ఎంపిక ఖర్చు పెంచకుండానే మేలు చేస్తుంది. స్లాగ్ కలిసిన పీఎస్‌సీ, ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంట్లు గట్టిపడ్డాక రంధ్రాలు సన్నబడి క్లోరైడును మామూలు ఓపీసీ కంటే బాగా నిలువరిస్తాయి. ధర కూడా సాధారణంగా ఓపీసీని మించదు. వీటి మీద మేస్త్రీల ఫిర్యాదు ఒకటే, పచ్చిదనం త్వరగా పోదని. అది నిజమే. వీటిని కనీసం పది రోజులు, వీలైతే పద్నాలుగు రోజులు తడపాలి, స్లాబు కింద ఆనించిన కర్రలు ఇంకొన్నాళ్లు ఉంచాలి. సెంట్రింగ్ అద్దె రోజులు పెరుగుతాయని తొందరపడి, స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపాల్సిన కాలాన్ని నాలుగు రోజులకు కుదిస్తే, మంచి సిమెంటు కూడా చెడ్డ సిమెంటులాగే పనిచేస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఇంతటి ఇంటికి పట్టే 400 బస్తాల మీద ఆ తగ్గింపు సుమారు పదివేలు. ఈ అదనపు రోజుల అద్దెకు అది ఆసరా.

ఇసుక, ఇటుకల విషయంలో ఈ తీరానికి కొన్ని అనుకూలాలున్నాయి. 2024 జులై 8న మొదలైన ఉచిత ఇసుక విధానం తర్వాత ఇసుకకు వెల లేకపోయినా ఎత్తుడు, రవాణా ఖర్చులు ఉన్నాయి. పెన్నకు దూరమయ్యేకొద్దీ బాడుగ పెరుగుతుంది. దగ్గర్లోని ఉప్పుటేటి ఇసుక, ఒడ్డు ఇసుక మీదికి మనసు పోయేది అక్కడే. చిల్లకూరు, కోట వైపు దొరికే తెల్లటి సిలికా ఇసుక గాజు పరిశ్రమకు విలువైనదే గాని, సన్నని రేణువుల వల్ల కాంక్రీటుకు తగదు. నది ఇసుక రాకపోతే క్రషర్ ఇసుకే మేలు, అది ఉప్పును మోసుకురాదు. ఇటుకకు వస్తే, చౌడు కలిసిన మట్టితో కాల్చిన ఇటుక చెమ్మను పీల్చి గోడకు ఉప్పు పట్టిస్తుంది, పూత పొట్టుపొట్టుగా రాలుతుంది. కృష్ణపట్నం చుట్టూ, నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంతో సహా, పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలున్నందువల్ల ఇక్కడ బూడిదకు కొదవలేదు. ఫ్లైయాష్ ఇటుక కొలత సమంగా ఉంటుంది, గార తక్కువ పడుతుంది, మంచి ముద్దతో చేసి చాలినన్నాళ్లు తడిపినదైతే నీళ్లూ తక్కువ పీలుస్తుంది. తడపకుండా వారానికే లారీకెక్కించిన ఇటుక అంచులు రాలుతాయి, దాంతో కట్టిన గోడ పగుళ్లిస్తుంది. రెండు ఇటుకలను ఒకదానికొకటి తట్టి మోగుడు వినడం, ఒకదాన్ని రోజంతా నానబెట్టి ఎంత బరువెక్కిందో తూచడం పైసా ఖర్చు లేని పరీక్షలు. ఐదో వంతుకు మించి బరువెక్కితే వద్దనాలి. తేలికైన ఏఏసీ దిమ్మెలు రెండు మూడు అంతస్తుల ఇంటికి బరువు తగ్గిస్తాయి. ఒక అంతస్తు ఇంటికి వాటి లాభం స్వల్పం. కిటికీలకు ఇనుప చట్రాల కంటే యూపీవీసీ నయం, గ్రిల్లు తప్పనిసరైతే ఏటా రంగు వేసే ఓపిక ఉండాలి.

బరువు ప్రస్తావన వచ్చింది కాబట్టి గాలి సంగతి. ఉప్పు కాంక్రీటును తింటుందంటే రేకులో, పెంకులో వేసుకుంటే పోలా అన్న ప్రశ్న సహజమే. కానీ ఈ తీరంలో గాలి లెక్కకు తీసుకోవాల్సిన ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో గే తుపాను కావలి దగ్గర తీరం దాటాయి. అలాంటి గాలి పైకప్పును కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. తేలికైన కప్పు నిలవాలంటే ప్రతి వాసాన్నీ గోడకూ, గోడ మీది పట్టీని పునాదికీ లంగరు వేసినట్టు కట్టాలి. ఆ మేకులూ బోల్టులూ మళ్లీ ఇనుమే, మళ్లీ తుప్పే. కాబట్టి స్లాబు బరువు ఇక్కడ దండగ కాదు, గాలికి ఎదురు తూకం. వరద లెక్క కూడా ఇలాగే ఉంటుంది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగినప్పుడు, ఇంటిలోపలికి నీళ్లు వచ్చాయా లేదా అన్నది బేస్‌మట్టం ఎత్తు తేల్చింది. ఎత్తు పెంచడానికి రొయ్యల చెరువు తవ్విన మట్టి చవకగా వస్తుందని నింపితే మాత్రం, వరదను తప్పించుకుని చౌడును నట్టింట్లో పెట్టుకున్నట్టే. ఉప్పు లేని గ్రావెల్‌తో నింపి, గోడ లేచే ముందు చెమ్మను ఆపే పట్టీ వేయాలి.

తాతల నాటి మిద్దెలు ఈ గాలికే నూరేళ్లు నిలిచాయి కదా, వాటికి ఏ ఎం30 వేశారు అని మరో అభ్యంతరం. ఆ ఉదాహరణ నిజానికి ఈ వాదనకే సాక్ష్యం. మద్రాసు మిద్దెలో టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించేవారు. పులికాట్ గుల్లలను కాల్చిన సున్నం ఈ ప్రాంతానికి దగ్గరి సరుకు. అందులో తుప్పు పట్టే ఇనుము దాదాపు లేదు, కాబట్టి ఉప్పుకు తినడానికి ఏమీ దొరకలేదు. టేకు ధర, సున్నపు పని తెలిసిన చేతుల కొరత చూస్తే ఆ కట్టడానికి అచ్చంగా తిరిగి వెళ్లలేం. అందులోని సూత్రాన్ని మాత్రం తీసుకోవచ్చు, ఇనుము ఎంత తక్కువ చోట్ల ఉంటే కాపలా అంత తేలిక. పైన అంతస్తులు వేసే ఆలోచన లేని ఇంటికి కూడా పన్నెండు పిల్లర్లు లేపడం ఇప్పుడు అలవాటైంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు బరువు మోసేలా కట్టి, బేస్‌మట్టం దగ్గరా లింటెల్ దగ్గరా స్లాబు కిందా కాంక్రీటు పట్టీలు చుట్టూ తిప్పితే ఒక అంతస్తు ఇల్లు గాలికీ చిన్న కదలికలకూ నిలుస్తుంది. మూలల్లో బయటి గాలికి నిలబడే పిల్లర్లు, తుప్పు మొదట పట్టే చోట్లు, తగ్గిపోతాయి. డెల్టా రేగడి నేలల్లో పునాది కుంగకుండా ముందుగా మట్టి పరీక్ష చేయించాలి. ఇసుక నేలల్లో ఆ ఇబ్బంది తక్కువ.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం పేదవారిది. 2020 డిసెంబరు 25న మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో 340 చదరపు అడుగుల ఇంటికి ఇచ్చింది 1 లక్షా 80 వేలు, అంటే అడుగుకు 530 రూపాయలు కూడా కాదు. మిగతాది అప్పు చేసి పూర్తి చేసుకునే కుటుంబానికి నూటికి నాలుగు అనడం సులువే, తేవడమే కష్టం. అయితే ఈ నాలుగు రూపాయల్లో ఏది ఖర్చు, ఏది జాగ్రత్త అన్నది విడదీసి చూడాలి. నీళ్లు కొలిచి పోయడానికి ఒక డబ్బా చాలు. కవరు బ్లాకులు సిమెంటు, ఇసుకతో ఇంట్లోనే పోసుకోవచ్చు. తడపడం ఇంటివారి చేతి పని. చిన్న ఇంటికి కలిపే మంచినీళ్లు ఒక ట్యాంకర్‌తో అయిపోతాయి. ఉప్పు మీద పోరులో ఎక్కువ భాగం ఈ వరసలోనే ఉంది. దీన్ని వదిలేస్తే ఎక్కువ నష్టపోయేదీ పేదవారే, ఎందుకంటే తర్వాత బాగుచేయించుకునే శక్తి వారికి ఉండదు. తర్వాత చూసుకుందాం అన్నమాట డబ్బున్నవారికీ కలిసిరాదు. పెచ్చులూడినచోట చెక్కి కొత్త మాలు మెత్తితే, అతుకు పక్కనే ఉన్న పాత కాంక్రీటులో తుప్పు మరింత వేగం అందుకుంటుంది. అమెరికాలో ఫ్లోరిడా ఒడ్డున సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24న కూలి 98 మందిని చంపిన అపార్ట్‌మెంటులో కాంక్రీటు దెబ్బతిందని 2018లోనే ఇంజినీరు నివేదిక ఇచ్చాడు. డిజైను లోపాలూ ఉన్న ఆ భవనం కూలడానికి తుప్పునే ఏకైక కారణంగా చూపలేం గాని, డబ్బున్నచోట కూడా మరమ్మతు ఎలా వాయిదా పడుతుందో అది చెబుతుంది.

మిగిలేది నిఘా సమస్య. మేస్త్రీకి నీళ్లు ఎక్కువ పోస్తే పని తేలిక, కాంట్రాక్టరుకు సెంట్రింగ్ త్వరగా విప్పితే లాభం. ఇద్దరూ చెడ్డవారు కానక్కర్లేదు, అడుగుకు ఇంత అన్న ఒప్పందం వారిని అటు నెడుతుంది. అందువల్ల బేరం ఆడాల్సింది ఒప్పందంలోని వాక్యాల మీద. బస్తాకు నీటి కొలత, కవరు మందం, కలిపే నీళ్లు ఎక్కడివి, ఎన్ని రోజుల తడుపు, స్లాబు రోజున ఎన్ని ఘనాలు పోసి ఎప్పుడు పరీక్షకు పంపాలి అన్నవి కాగితం మీద రాసి, స్లాబు బిల్లులో కొంత ఆ ఫలితం వచ్చాకే ఇవ్వాలి. రెడీమిక్స్ లారీ చేరగలిగే ఊళ్లలో మిశ్రమం పూచీ ప్లాంటుదవుతుంది, అయితే లారీ వచ్చాక పైపుతో నీళ్లు కలపనివ్వకూడదు. లారీ చేరని చోట మిక్సర్ దగ్గర ఒక మనిషి కూర్చోవాలి.

అప్పటికీ డబ్బు చాలకపోతే ఏది తగ్గించాలి? పైన వేసిన లెక్కలో 80 వేలు అంటే 40 చదరపు అడుగుల కట్టడం, ఒక అంకణంలో సగానికి కొంచెం ఎక్కువ. వెయ్యి అడుగుల ఇంటిని 960కి కుదిస్తే తీరానికి తగిన కాంక్రీటు పాత బడ్జెట్‌లోనే వస్తుంది. గది కొలతల్లో ఆ తేడా గడప దాటాక ఎవరికీ తెలియదు. గ్రానైటు పదేళ్ల తర్వాత కూడా పరుచుకోవచ్చు, మేడ మీద గది పిల్లలు సంపాదించాక వేసుకోవచ్చు. కమ్మీ చుట్టూ ఉండాల్సిన కాంక్రీటును మాత్రం స్లాబు పోసిన రోజు తర్వాత ఎవరూ పెట్టలేరు. కాబట్టి తీరంలో ఇల్లు కట్టేవారు ముందు తేల్చుకోవాల్సింది అడుగు ఎంతకు అన్నది కాదు. తమ డబ్బుకు ప్రమాణం ప్రకారం ఎన్ని అడుగులు వస్తాయన్నది.